చిల్లు లేని బాకా

అక్టోబర్ 4, గెంట్

తాతా,

ఫోన్‌లో అయితే నాకు నోరు పెగలదని తెలుసుగా, అందుకే మెసేజ్. కొంచెం పొడుగ్గా ఉంటది. రొయ్యలు ఒలుస్తా చదువుకో.

పాటగాళ్ల దేవత సిసీలియా పండక్కి, నవంబర్ 22న, కాలవ పక్క చర్చిలో కచేరీ పెట్టారు. మన లైయహోఫ్ బృందం మొదలెట్టి నలభై ఏళ్లంట. గ్రీత్ గారు పై స్వరాలు ఊదే పై బాకా వంతు నాకిచ్చింది. నేనేదో గొప్పోణ్ణని కాదులే. ఆర్నౌట్ అన్న బయట కచేరీలన్నీ చిల్లులున్న బాకాతోనే ఊదుతాడు, చిల్లు లేకుండా అంత పైకి పోలేడు. మన దగ్గరేమో చిల్లు పనికిరాదు. అందుకని ఆయనకి కింద బాకా, నాకు పైది.

నా ఏడాది గడువు కూడా ఆ రోజుతో అయిపోద్ది. ఆ రాత్రి విందులో కొత్తోళ్లు నిలబడి వడ్డించాలి. నచ్చితే గ్రీత్ గారే కుర్చీ లాగి కూర్చోమంటది, ఇక బృందంలో మనిషైనట్టే. కుర్చీ రాకపోతే నాన్న పడవెక్కి కంకర మొయ్యడమే. పడవ మీద పెరిగినోణ్ణి, బడికి సరిగ్గా పోయింది లేదు, నాకు ఇంకేం వస్తది? ఊదడం ఒక్కటే వచ్చు. అదీ నువ్వు నేర్పిందే, నువ్విచ్చిన బాకా మీదే.

అసలు గొడవ పదకొండో మెట్టుతో. నువ్వు చెప్పేవాడివి కదా, మీటల్లేని గొట్టంలో పెదవి బిగించే కొద్దీ ఒక్కో మెట్టు ఎక్కుతామని, పదకొండోది వంకర మెట్టని, దాన్ని పెదవితో కిందకి లాక్కురావాలని. ఈ కొత్త పాటలో ఆ మెట్టు మీదే రెండుసార్లు నిలబడాలి. అప్పుడు మిగతా అందరూ ఆగిపోతారు. నేనొక్కణ్ణే. నాలుగుసార్లు ఊదితే మూడుసార్లు బాతు అరిచినట్టు వస్తోంది.

నిన్న ఆర్నౌట్ అన్న నన్ను బయటికి పిలిచి, "ఏరా పడవోడా, ఎందుకురా ఆ పెదవిని చంపుకుంటావ్? నా చిల్లు బాకా ఇస్తా, బొటనవేలు తీస్తే ఆ మెట్టు తిన్నగా వస్తది. చర్చి చీకట్లో ఎవడు చూడొచ్చాడు?" అన్నాడు. నేను లోపలికొచ్చేశా. నాకేం అనడం వస్తది.

నువ్వేమంటావ్?

సీబ


అక్టోబర్ 7, ఓస్టెండ్

ఒరేయ్ సీబా,

నీ మెసేజ్ చదవడానికి అద్దాలు తుడుచుకున్నా, అద్దాలకి రొయ్యల వాసన పట్టింది. మీ అమ్మమ్మ ఉంటే నా తల మీద ఒకటి వేసేది.

పై బాకా నీకిచ్చిందంటే సంతోషం. గ్రీత్ ఎవరికీ ఊరికే ఏదీ ఇవ్వదు.

నలభై ఏళ్లంటున్నావు కదా, అప్పటి సంగతి విను. ఆ పాత బీరు కొట్టం మేడ మీద నలుగురం కలిశాం. గ్రీత్, వయొలిన్ యోజెఫ్, పెద్ద ఫిడేలు బెర్తా, నేను. పాత పాటని పాత వాద్యాల మీదే వినిపిద్దామని పిచ్చి. బెర్తా వయొలిన్లకి పేగు తీగలు కట్టించింది. మొదటి కచేరీలో వాన పడి తడికి ఒక్కొక్కటే టప్పు టప్పున తెగాయి. వచ్చినవాళ్లకంటే మేమే ఎక్కువమందిమి. మర్నాడు బజార్లో చేపలవాడు నన్ను చూసి, "ఓడిల్, పిల్లిని చంపారంట గదా నిన్న?" అన్నాడు.

ఆ రోజుల్లోనే చిల్లుల బాకాలు వచ్చాయి. అందరూ అవే కొంటున్నారు. గ్రీత్ బల్ల మీద కొట్టి, "రాజుల కాలంలో బాకాలకి చిల్లుల్లేవు, మనకీ వద్దు" అంది. అందరం బీరు పీపా మీద చేతులు పెట్టి ఒట్టేశాం. ఈ కట్టుబాటు మారాలంటే నలుగురిలో బతికున్నవాళ్లంతా ఒప్పుకోవాలి. ఒక్కరు కాదన్నా కాదు. ఊరు మమ్మల్ని పట్టించుకుంది దానివల్లే. బయట ఎక్కడా వినపడని గొంతు మా బాకాలకి ఉండేది.

పదకొండో మెట్టుని కింద నుంచి ఎక్కకు. ముందు పన్నెండు మీద నిలబడ్డట్టు మనసులో అనుకుని అక్కణ్ణుంచి జారు. గడ్డం కొంచెం లోపలికి. పొద్దున పది నిమిషాలు చాలు, రోజంతా ఊది పెదవి పాడుచేసుకోకు.

ఆ ఆర్నౌట్ ఎవడో గానీ వాడి బాకా ముట్టుకోకు. అయినా గ్రీత్‌కి తెలుసా, తన కొట్టంలోనే చిల్లు బాకా తిరుగుతోందని? సరే, అది నేను చూసుకుంటాలే.

మీ తాత
ఓడిల్


అక్టోబర్ 8

తాతా చూసుకుంటా అంటే ఏంటి? ఏం చూసుకోకు. ఎవరికీ ఏం చెప్పకు. నీకు దణ్ణం పెడతా.

సీబ


అక్టోబర్ 13, గెంట్

తాతా,

ఎందుకు చేశావ్ అలాగ?

నువ్వు పంపిన కార్డు నిన్న వచ్చింది. ఓస్టెండ్ దీపస్తంభం బొమ్మది. గ్రీత్ గారు సాధన మధ్యలో ఆపి అందరి ముందూ పైకి చదివింది. "నాకు లేదన్నావు. ఇప్పుడు నీ కొట్టంలోనే చిల్లు బాకా తిరుగుతోంది. భేష్." అంతే ఉంది. కింద నీ పేరు.

అంత చిన్న చిల్లు ఆవిడకి ఆనదు కదా, గిన్నెలు కడిగే తొట్టిలో నీళ్లు నింపించి బాకాలన్నీ ఒక్కోటీ ముంచి ఊదమంది. చిల్లుంటే బుడగలొస్తాయని. ముందు నాది ముంచింది. తాతా, నీ బాకాని గిన్నెల తొట్టిలో ముంచారు. బుడగలు రాలేదు. ఆర్నౌట్ అన్న బృందం బాకాకీ రాలేదు. అప్పుడావిడ "సంచిలో రెండోది తియ్యి" అంది. దానికి వచ్చాయి.

"బయట నీ ఇష్టం ఆర్నౌట్. ఈ గడప లోపలికి మాత్రం ఇది రాకూడదని తెలుసు కదా?" అని మళ్లీ సాధన మొదలెట్టించింది. తిట్టకపోవడమే భయంగా ఉంది.

ఇప్పుడందరూ నన్ను చాడీలు చెప్పేవాడంటున్నారు. నేను గదిలోకి వస్తే మాటలాపేస్తున్నారు. ఆర్నౌట్ అన్న మెట్ల దగ్గర పట్టుకుని, "నీకు సాయం చెయ్యబోతే తాతకి మోస్తావా? ఆ ముసలాయన కూడా భలే నీతిమంతుడు, చిల్లు అడిగి లేదనిపించుకుని మూతి ముడుచుకుని పోయినాయనే కదా!" అన్నాడు.

అదేంటి తాతా? నువ్వు చిల్లు అడిగావా? పళ్లూడిపోయి మానేశావని కదా ఇంట్లో అందరూ చెప్పారు నాకు? బృందంలో అందరికీ తెలుసంట. నాకొక్కడికే తెలీదు.

సీబ


అక్టోబర్ 17

తాతా ఉన్నావా? కోపం వచ్చిందా? నేను అడిగింది వదిలెయ్యి పోనీ.

సీబ


అక్టోబర్ 21, ఓస్టెండ్

ఒరేయ్,

కోపం కాదు. ఏం రాయాలో తెలియక ఊరుకున్నా.

పళ్లూడిపోయిన మాట నిజమే. పై పళ్లు రెండు, 2006లో. కట్టుడు పళ్లు పెట్టించుకున్నా, కానీ బాకా మూతి ఆనగానే అవి కదిలేవి. కింద మెట్లన్నీ వచ్చేవి. పదకొండు మాత్రం నిలిచేది కాదు. నీకు ఇప్పుడెలా ఉందో సరిగ్గా అలాగే.

ఒక్క చిల్లు పెట్టుకోనివ్వమని అడిగా. ఒక్క ఏడాదికి, నా చివరి ఏడాదికి. బీరు కొట్టంలో అదే బల్ల దగ్గర కూర్చున్నాం నలుగురం. యోజెఫ్ సరేనన్నాడు. బెర్తా ఏడ్చి సరేనంది. గ్రీత్ నా కళ్లలోకి చూసి, "ఓడిల్, నీకిస్తే రేపు ఇంకొకడికి ఇవ్వాలి. లేదు" అంది. ఇరవై ఎనిమిదేళ్లు ఆవిడ పక్కన ఊదినవాణ్ణి. బాకా ఉన్న పెట్టె అక్కడే వదిలేసి వచ్చేశా. వారం తర్వాత యోజెఫ్ తెచ్చిచ్చాడు.

నీకు చెప్పలేదు, నిజమే. ఎనిమిదేళ్ల పిల్లాడివి, ఆ బాకా పట్టుకుని పడవ ముందు నిలబడి నదిలో బాతులకి ఊదేవాడివి. తాత దీంతోనే ఓడిపోయాడని ఎలా చెప్పను?

ఆ కార్డు నీకు మంచి చేద్దామనే రాశా. చివరికి నా పాత మంట బయటపడింది. ఆ ఆర్నౌట్‌కి నా మాటగా చెప్పు, పిల్లవాడికి సంబంధం లేదు, ముసలాడిదే నోటి దురద అని.

నీకు చిల్లు కావాలనిపిస్తే గ్రీత్‌నే సూటిగా అడుగు. ఏమంటుందో నాకు తెలుసు. నువ్వూ విందువుగాని.

ఓడిల్


నవంబర్ 3, గెంట్

తాతా,

నువ్వు చెప్పమన్నది ఆర్నౌట్ అన్నకి చెప్పా. ముందు మూతి తిప్పుకున్నాడు. తర్వాత సగం వేపుడు దుంపల పొట్లం నా వైపు తోశాడు. మాట మాత్రం లేదు, కానీ మయొనేజ్ కూడా ఇచ్చాడు.

ఇంకో సంగతి. నేనేం అడగలేదు. గ్రీత్ గారే నిన్న నన్ను ఉండమని, "అబ్బాయ్, ఆ మెట్టు ఎక్కగలవా నిజం చెప్పు?" అంది. "ఏమో" అన్నా. "ఏమో అనేవాడు చర్చిలో నాలుగొందల మంది ముందు నిలబడలేడు. నువ్వు విరిగితే పాటంతా విరుగుతుంది, నేను కుర్చీ లాగలేను, తెలుసుగా?" అంది. తెలుసన్నా. తన మీటల వాద్యం హార్ప్సికార్డ్ మూతని వేలితో రుద్దింది. తర్వాత, "యోజెఫ్ లేడు, బెర్తా లేదు. ఉన్నది ఇద్దరం. నేను ఓస్టెండ్ వెళ్తా" అంది.

నాకర్థమైంది. నేను వద్దండి అన్నా. మా తాతని అడగొద్దండి అన్నా. "ఏం, మీ తాతంటే అంత భయమా?" అంది. భయం కాదు తాతా.

వస్తే నువ్వు ఒప్పుకోకు. నాకు వద్దు. నా గురించి అసలు ఆలోచించకు.

సీబ


నవంబర్ 10, ఓస్టెండ్

సీబా,

వచ్చింది. మొన్న మధ్యాహ్నం గాలివానలో గొడుగు తిరగబడి, జుట్టంతా రేగి, తలుపు దగ్గర నిలబడింది. పన్నెండేళ్ల తర్వాత మొదటి మాట ఏమందనుకున్నావ్?

"ఓడిల్, ముసలాడివైపోయావ్."

"నువ్వు పుట్టినప్పుడే ముసలిదానివి" అన్నా.

లోపలికి రమ్మన్నా. కుర్చీలో కూర్చుని నేను ఒలిచిన రొయ్యలన్నీ తినేసింది, అడక్కుండా. ఎప్పుడూ అంతే. బెర్తా చావు గురించి చెప్పింది. నేను వెళ్లలేదు కదా ఆ చావుకి. ఆ తర్వాత అసలు సంగతికొచ్చింది.

"పిల్లాడు అంచు మీదున్నాడు. ఒప్పుకో."

"ఆ రోజు నేను కూడా అంచు మీదే ఉన్నా గ్రీత్."

"ఆ రోజు నాకు నమ్మకం ఉండేది."

"ఇప్పుడు పోయిందా?"

"ఇప్పుడు మనుషులు లేరు. వచ్చే పిల్లలంతా చిల్లులతోనే నేర్చుకుని వస్తున్నారు. చిల్లు లేకుండా నేర్చుకున్నవాడు ఈ ఒక్కడే. వీడు కూడా విరిగి పోతే ఇక బాకా లేకుండానే కచేరీ చెయ్యాలి. కట్టుబాటు ఉంటుంది, ఊదేవాడు ఉండడు."

"అంటే నాకప్పుడు ఇవ్వకపోవడం తప్పంటావా?"

అది మాత్రం అనలేదురా. నోటి దాకా వచ్చింది, మింగేసింది. ఆ ఒక్క మాట అని ఉంటే ఏమైపోయేవాణ్ణో నాకే తెలీదు. అనలేదు కాబట్టి నేనూ "లేదు" అన్నా. కోటు నేనే అందించా. తలుపు నేనే తీశా.

పన్నెండేళ్లుగా ఆ "లేదు" అనాలని కాచుకుని కూర్చున్నా. అన్నాక ఒక గంట హాయిగా ఉంది. తర్వాత ఏమీ తినబుద్ధి కాలేదు.

నువ్వే వద్దన్నావు కదా. నిజంగానే వద్దు కదా?

తాత


నవంబర్ 10

మంచిది.

సీబ


నవంబర్ 14, ఓస్టెండ్

నేను పేజీలు రాస్తే ఒక్క ముక్క కొట్టి పారేశావ్. చిన్నప్పుడు కూడా ఇంతే. బిస్కెట్ కావాలా అంటే వద్దనేవాడివి, వద్దంటూనే డబ్బా వైపు చూసేవాడివి. మీ అమ్మమ్మ జేబులో పెడితే గానీ తీసుకునేవాడివి కాదు.

ఆ ఒక్క ముక్కని ఎలా చదవమంటావ్? కోపమా? ఏడుపా? మెట్టు వస్తోందా లేదా అదైనా చెప్పు.

తాత


నవంబర్ 19, ఓస్టెండ్

సీబా, మీ అమ్మ పడవ మీద నుంచి ఫోన్ చేసింది. నువ్వు రెండు ముద్దలు కూడా తినట్లేదంట, పెదవి చిట్లి రక్తం కారుతుంటే వెన్న రాసుకుని మళ్లీ ఊదుతున్నావంట. "నాన్నా, నువ్వూ ఆవిడా కలిసి నా పిల్లాణ్ణి చంపుతారా?" అంది. మీ అమ్మ నాతో ఎప్పుడూ గొంతు పెంచలేదు.

జవాబియ్యి.


నవంబర్ 20, గెంట్

బాగానే ఉన్నా తాతా. అమ్మ ఎక్కువ చేసి చెప్తది. మెట్టు ఒక్కోసారి వస్తోంది. పన్నెండు నుంచి జారితే వస్తోంది. పెదవి మంట పుట్టినప్పుడు రాదు.

నువ్వు రా కచేరీకి. దూరంగా అయినా కూర్చో.

సీబ


నవంబర్ 22, గెంట్, మధ్యాహ్నం

ఏరా,

ఇప్పుడే గ్రీత్ ఇంటి మెట్లు దిగుతున్నా. నాలుగో అంతస్తు, లిఫ్టు లేదు, మోకాళ్లు నన్ను బూతులు తిడుతున్నాయి. తలుపు తీసింది. "ఒప్పుకుంటున్నా" అన్నా. ఆవిడ నోరు తెరిచేలోపు వెనక్కి తిరిగా. ఏమైనా అంటే మళ్లీ నా నోట్లోంచి "లేదు" వచ్చేస్తుందేమోనని భయం.

ఇక కట్టుబాటు లేదు. చిల్లు బాకా తీసుకో. భయం లేకుండా ఊదు, కుర్చీలో కూర్చో. నేను చర్చిలో ఒక మూల ఉంటా, నన్ను వెతక్కు. విందుకి రాను.

తాత


నవంబర్ 22, సాయంత్రం

చదివా.

సీబ


నవంబర్ 23, గెంట్

తాతా,

ఎక్కడున్నావ్? అయిపోయాక చర్చి అంతా వెతికా.

కచేరీకి ముందు గ్రీత్ గారు వెనక గదిలో బల్ల మీద రెండు బాకాలు పెట్టింది. ఆర్నౌట్ అన్న చిల్లుది, నీది. "మీ తాత ఒప్పుకున్నాడు. నీ ఇష్టం" అని బయటికెళ్లిపోయింది. ఆర్నౌట్ అన్న, "తీసుకోరా, మూతి తుడిచే పెట్టాలే" అన్నాడు. బాగానే అన్నాడు, వెక్కిరింపుగా కాదు. నేను చిల్లుది చేతిలోకి కూడా తీసుకున్నా. కిందపెట్టేశా. నీది పట్టుకుని వెళ్లా.

మొదటిసారి వచ్చింది తాతా. అందరూ ఆగిపోయారు, నేనొక్కణ్ణే ఉన్నా, పన్నెండు అనుకుని జారా, నిలబడింది. చర్చంతా తిరిగొచ్చింది ఆ స్వరం. గ్రీత్ గారు తల ఎత్తి చూసింది, ఎప్పుడూ ఎత్తదు.

రెండోసారి పెదవి చిట్లింది. ఉప్పగా తగిలింది. తర్వాత బాతు. పెద్ద బాతు. ముందు వరసలో ఒక పిల్ల కిసుక్కున నవ్వింది, వాళ్లమ్మ నోరు మూసింది. తర్వాతి నాలుగు మెట్లు కూడా పోయాయి. ఆర్నౌట్ అన్న కింద బాకా మీద నుంచి నా పాట అందుకుని లాక్కొచ్చాడు చివరిదాకా, లేకపోతే అక్కడే ఆగిపోయేది. కిందకి దిగుతుంటే చెవిలో, "పడవోడా, చావలేదుగా, నడువు" అన్నాడు.

విందులో కోడి పులుసు వడ్డించా. ఒకాయన చొక్కా మీద ఒలికించా. చివర్న గ్రీత్ గారు లేచింది. నలభై ఏళ్ల కట్టుబాటు ఈ రోజుతో అయిపోయిందని చెప్పింది. కొందరు చప్పట్లు కొట్టారు, కొందరు పళ్లెంలోకి చూశారు. తర్వాత నా దగ్గరకొచ్చింది. కుర్చీ మీద చెయ్యేసింది. లాగలేదు.

"ఎందుకు తీసుకోలేదు?" అంది.

నేను గరిట గిన్నెలో పెట్టేశా.

"నలభై ఏళ్లకి సరిపడా మొండివాళ్లని చూశాను అబ్బాయ్, ఇక ఓపిక లేదు. ఇంకో ఏడాది నిలబడు. కింద బాకా, చిల్లుతో. పైది ఆర్నౌట్‌కి. ఇష్టమైతే సోమవారం పొద్దున రా. లేకపోతే రాకు."

అమ్మావాళ్ల పడవ కూడా సోమవారం పొద్దున్నే కదులుద్ది. నా మంచం సర్దే ఉంచిందంట.

సీబ


నవంబర్ 23, ఓస్టెండ్

ఒరేయ్ మూర్ఖుడా,

స్తంభం వెనక కూర్చున్నా. గ్రీత్ కంట పడకూడదని. నువ్వు కనపడలేదు, వినపడ్డావు అంతే. మొదటిసారి అంత తిన్నగా వస్తే చిల్లు బాకానే అనుకున్నా. సంతోషపడ్డా. నిజం చెప్తున్నా, కొంచెం గుచ్చుకుంది కూడా. రెండోసారి ఆ అరుపు వినగానే తెలిసిపోయింది. చిల్లు బాకా అలా అరవదు. లేచి బయటికొచ్చి స్టేషన్‌కి నడిచా. నీ మొహం చూస్తే చెంప పగలగొట్టేవాణ్ణి, లేదా ఏడ్చేవాణ్ణి.

ఎందుకురా? నా మోకాళ్లు అరగదీసుకుని అంత ఎత్తు ఎక్కా. నా పన్నెండేళ్ల పంతం ఆ గుమ్మం దగ్గర వదిలేశా. నీ కుర్చీ కోసం. నువ్వు దాన్ని తన్నేసి వచ్చావు.

ఓడిల్


నవంబర్ 24, గెంట్, పొద్దున

నీకోసమే తాతా.

నీకు లేదన్నదాన్ని నేనెలా నోటికి పెట్టుకోను? నువ్వు అక్కడెక్కడో కూర్చుని వింటున్నావని తెలుసు. నీ చివరి ఏడాదికి ఒక్క చిల్లు అడిగితే ఇవ్వలేదు, నాకేమో అడక్కుండానే బల్ల మీద పెట్టారు. చేతిలోకి తీసుకోగానే నువ్వు ఆ పెట్టె వదిలేసి మెట్లు దిగుతున్నట్టు అనిపించింది. నేను ముందునుంచీ వద్దన్నది అందుకే. బిస్కెట్ లాంటిది కాదు. నిజంగానే వద్దు.

సీబ


నవంబర్ 24, ఓస్టెండ్

వెర్రి వెధవా. నాకు లేదన్నారని నీక్కూడా వద్దా? నాకు పళ్లు లేవని నువ్వూ పీక్కుంటావా?

నాకోసం అని నన్నొక్క మాట అడిగావా? నేనూ నిన్ను అడగలేదులే. ఇద్దరం ఇద్దరమే.

విను. నాకు నువ్వు ఊదితే వినాలని ఉంది. అంతే ఉంది. చిల్లుతోనా, లేకుండానా అన్నది గ్రీత్‌తో నా గొడవ. అది నీ పెదవి మీద ఎందుకు పెట్టుకున్నావ్? మొదటిసారి ఊదినప్పుడు ఆ స్తంభం వెనక నేను చిల్లు సంగతే మర్చిపోయా కాసేపు. అలాంటిది ఇంకొన్నేళ్లు వినిపించు నాకు. కంకర మొయ్యడానికి మీ నాన్న ఉన్నాడు.

రేపు ఆదివారం. బాకా పట్టుకుని ఇక్కడికి రా. చిల్లు నేనే పొడుస్తా. సోమవారం పొద్దున అది పట్టుకుని వెళ్లు.

తాత


నవంబర్ 24, మధ్యాహ్నం

నీ బాకాకా? ఒద్దు తాతా. నలభై ఏళ్లుగా దానికి గీత కూడా పడలేదు. నేను ఆర్నౌట్ అన్న దగ్గర పాతదేదైనా అడుగుతా.

సీబ


నవంబర్ 24

నా బాకా, నా ఇష్టం. ఇంకెవడి చెయ్యో దాని మీద పడితే ఒప్పుకోను. సన్న బరమా, నూనె అన్నీ తీసి పెట్టా. పొద్దున రొయ్యలు కూడా తెస్తా.

తాత


నవంబర్ 24

నీకు చెయ్యి వణుకుద్దిగా. అసలు ఎక్కడ పొడవాలో తెలుసా? వెంట్రుకవాసి తప్పినా బాకా మొత్తం పోద్దని ఆర్నౌట్ అన్న అంటున్నాడు.

సీబ


నవంబర్ 24

తెలుసు. గ్రీత్‌ని అడగడానికి ముందు రోజే కొలిచి గుర్తు పెట్టుకున్నా. రెండు గొట్టాల్నీ కలిపి చుట్టిన తాడు ఉంది కదా, నువ్వు చేత్తో పట్టుకునే చోట. అది విప్పి చూడు.

తాత


నవంబర్ 24, సాయంత్రం

విప్పా.

గోరంత గీత ఉంది. పక్కన సూదితో పొడిచిన చుక్క. ఇన్నేళ్లూ నా చెయ్యి దాని మీదే ఉంది తాతా.

పొద్దున మొదటి బండికి వస్తున్నా.

సీబ